అరవయ్యో ఏటి కళ్ళజోడు

నవంబరు 18

ఇవాళ కూడా. వరసగా ఇది తొమ్మిదో రోజు.

ముందు నొప్పికి మెలకువ వచ్చి, అది నన్ను లేపుతున్నట్టు ఉంటోంది. నుదుటి చుట్టూ తడిగుడ్డ బిగించి, కణతల దగ్గర ముడి వేసినట్టు. లేచి కూర్చుంటే గది ఒక్క క్షణం పక్కకు ఒరిగి, మళ్ళీ తన చోటికి వస్తుంది. కడుపులో తిప్పుతుంది.

నడిచి షాపుకు వచ్చి, షట్టరు ఎత్తి, బీరువాల అద్దాలు తుడిచేసరికి సగం పోతుంది. పదిన్నరకు నాకేమీ ఉండదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ళు తీరిగ్గా వినే వేళకు నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు.

లెన్సుల కంపెనీ కిందటేడు పంచిన డైరీ ఇది. పాత తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. మధ్యాహ్నం టీ వేళకు షాపులో ఎవరూ ఉండరు. అప్పుడే రాయాలి. ఇంటికి పట్టుకెళ్ళకూడదు.

నవంబరు 19

ఇవాళ కూడా.

నవంబరు 21

నా చూపు నేనే పరీక్ష చేసుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా కళ్ళజోళ్ళు చేస్తున్నాను. తలనొప్పి అంటూ వచ్చినవాళ్ళలో సగంమందికి చూపులోనే తేడా ఉంటుంది. నాకు లేదు. ఉన్న పవరే ఉంది. ఫ్రేము బిగువేమోనని చెవుల వెనక వంపు సడలించాను. పడుకునేటప్పుడు కళ్ళజోడు తీసేస్తాను కదా అన్న సంగతి సడలించాక గుర్తొచ్చింది.

నవంబరు 24

డ్రాయింగు మాస్టారి సంగతి రాయాలి. రాయకుండా తప్పించుకుంటున్నాను.

రెండేళ్ళ కిందట వచ్చారు. పొద్దున్న లేవగానే తలనొప్పి, మధ్యాహ్నానికి తగ్గుతుంది అన్నారు. చూపులో కొంచెం తేడా ఉంటే కళ్ళజోడు చేసిచ్చాను. నెలకు మళ్ళీ వచ్చారు. పావు పవరు మార్చాను. ఇంకో నెలకు వచ్చారు. బరువు తక్కువ ఫ్రేము వేసి, అలవాటు కావడానికి టైము పడుతుంది మాస్టారూ, రోజంతా తీయకుండా పెట్టుకోండి అన్నాను. ఆయన బుద్ధిగా తల ఊపారు. పిల్లలకు పాఠం చెప్పే మనిషి పిల్లాడిలా తల ఊపారు.

నాలుగు నెలల తరవాత ఆయన భార్య వచ్చి ఆ కళ్ళజోడు నా బల్ల మీద పెట్టింది. ఎవరికైనా పనికొస్తే ఇమ్మంది. తలలో గడ్డట. తెలిసేసరికే ఆలస్యమైందట. నన్ను ఒక్క మాట అనలేదు. మీరు చాలా ఓపికగా చూసేవారని చెప్పుకునేవారు అంది. ఆ ఓపిక మాట ఇప్పటికీ గుచ్చుతోంది.

ఇంట్లో కూడా చెప్పలేదు ఈ విషయం. ఆయనకూ పొద్దున్నే వచ్చేది. ఆయనకూ మధ్యాహ్నానికి తగ్గేది.

నవంబరు 27

చలి పెరిగింది. నెల మొదట్లో బాత్రూం వెంటిలేటరుకు అట్టముక్క కొట్టి, సందుల్లో స్పాంజి కూరాక ఇల్లు కాస్త వెచ్చబడింది. ఆ బాత్రూం సరిగ్గా రెండు పడకగదుల మధ్య ఉంది, అంతకుముందు అందులోంచే చలి రెండు వైపులా కొట్టేది. మా ఆవిడ మెచ్చుకుంది. ఏడాదికొక్క పని ఇంట్లో మెచ్చుకునేలా చేస్తాను. ఈ ఏటికి అదే.

ఇవాళ నొప్పి ఎడమ వైపు ఎక్కువ. మాస్టారికి ఏ వైపో అడగలేదు.

నవంబరు 30

పొద్దున్న చిట్టి మీద అరిచాను. అమ్మాయికి ఇంకో మూడు నెలల్లో పరీక్షలు. అయిదింటికే లేచి బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆరున్నరకు నేను లేచి చూస్తే పుస్తకం మీద తల పెట్టి నిద్ర. లేపితే కళ్ళు తేలేసింది. తల బరువుగా ఉంది నాన్నా అంది. పుస్తకం తెరిస్తే అందరికీ తల బరువే అన్నాను. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

నా బాధ దానికి తెలియదు. నాకు టైము ఎంత ఉందో తెలియదు. అది ఒక దారిన పడటం నా కళ్ళతో చూడాలని ఉంది. అందుకే కోపం. ఇది కోపం కాదు.

డిసెంబరు 2

కళ్ళ డాక్టరమ్మ వారానికి రెండు రోజులు మా షాపు వెనకగదిలో కూర్చుంటారు. ఇవాళ చివరి పేషెంటు వెళ్ళాక లోపలికి వెళ్ళి, మా బంధువొకాయనకు ఇలా ఉందండీ అని మొదలుపెట్టాను. మొత్తం విని, ఆ బంధువు ఈ కుర్చీలోనే కూర్చోవచ్చు అన్నారు. కూర్చున్నాను.

చుక్కల మందు వేసి కంటి వెనక నరం చూశారు. వాపు లేదట. బీపీ బాగానే ఉందట. గడ్డ ఉంటే నరం దగ్గర ఏదో ఒకటి కనిపిస్తుంది, నాకు కనిపించలేదు, అయినా భయంగా ఉంటే స్కానింగ్ తీయించండి అని చీటీ రాశారు. జనవరి తొమ్మిదికి టైము దొరికింది. ఇంకా ఏవేవో అడిగారు. నిద్ర పడుతోందా, పళ్ళు కొరుకుతున్నారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. లేదన్నాను.

వాపు లేదంటే ఇంకా రాలేదని కదా అర్థం.

డిసెంబరు 6

లెన్సుల అంచులు అరగదీసే యంత్రం చక్రం అరిగిపోతే, సరిచేయించడానికి పక్క ఊరు వచ్చాను. లాడ్జిలో రెండు రోజులు. కిటికీ రెక్క సరిగ్గా పడదు, గదంతా చలి. పొద్దున్న లేచి చాలాసేపు పక్క మీదే కూర్చున్నాను. ఏదో లోటుగా ఉంది, ఏమిటో తెలియలేదు. తరవాత తెలిసింది. నొప్పి లేదు.

డిసెంబరు 7

ఇవాళా లేదు. టీ ఎంత రుచిగా ఉంది.

సంతోషించకూడదు. చివరి రోజుల్లో ఒక వారం ఆయన చాలా హుషారుగా ఉన్నారని మాస్టారి భార్య చెప్పింది. దీపం కొండెక్కేముందు వెలుగు ఎక్కువంటారు.

డిసెంబరు 8

నిన్న రాత్రి ఇంటికి వచ్చాను. పొద్దున్న మళ్ళీ వచ్చింది. పాత చుట్టం కదా, ఇంటి దగ్గర కాచుకుని ఉంది.

డిసెంబరు 9

మా ఆవిడకు నలభై రెండు. దగ్గరి చూపుకు ఇప్పుడు ఒకటి పవరు వాడుతోంది. దగ్గరి చూపు ఎలా తగ్గుతుందో నాకు కంఠతా వచ్చు, ఎవరికైనా దాదాపు ఒకే లెక్క. నలభై అయిదుకు ఒకటిన్నర. యాభైకి రెండు. యాభై అయిదుకు రెండుంబావు. అరవైకి రెండున్నర, అక్కడితో ఆగుతుంది.

నాలుగు కళ్ళజోళ్ళూ ఇప్పుడే చేసిపెడతాను. షాపులో వేరేవాళ్ళు ఆమె కళ్ళ మధ్య దూరం సరిగ్గా కొలుస్తారని నాకు నమ్మకం లేదు. కుడి కన్ను ముక్కుకు ఒక మిల్లీమీటరు దగ్గరగా ఉంటుంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా.

డిసెంబరు 11

నాలుగూ అయ్యాయి. ఫ్రేములు నేనే ఎంచాను. అరవయ్యో ఏటి దానికి చాలాసేపు పట్టింది. జుట్టు తెల్లబడ్డాక ఆ మొహానికి ఏ రంగు బాగుంటుందో ఊహించాలి. చివరికి ముదురు గోధుమరంగు. పెట్టెల మీద వయసులు రాసి, ఇంటికి తీసుకెళ్ళి బీరువా పైఅరలో చలిదుప్పట్ల వెనక పెట్టాను. మనసు తేలికైంది.

డిసెంబరు 12

మా ఆవిడ రెండుసార్లు అడిగింది, ఒంట్లో బాగానే ఉందా అని. బ్రహ్మాండంగా ఉన్నానన్నాను. సరే అంది. అయిదింటికి లేచి, గ్యాసు గీజరు వెలిగించి, బట్టలు నానబెట్టి, స్నానం చేసి, ఆరింటికల్లా బ్రెడ్డు ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది. ఈ మధ్య తలకు గుడ్డ కట్టుకుంటోంది. చలికి కాబోలు.

డిసెంబరు 13

చిట్టికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఎప్పుడూ లేంది. లెక్కల మాస్టారు పిలిచి, పాఠంలో కూర్చుని శూన్యంలోకి చూస్తోందని చెప్పారు. ఇంటికి వచ్చి నేను అన్న మాటలు ఇక్కడ రాయను. చివరికి, ఎల్లకాలం నేను ఉంటాననుకోకు అన్నాను. మా ఆవిడ వంటగదిలో చేస్తున్న పని ఆపింది. నా వైపు తిరగలేదు.

డిసెంబరు 17, ఆసుపత్రిలో

ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను. అమ్మాయి నిద్రపోతోంది. మామూలు నిద్రే అని నర్సు మూడుసార్లు చెప్పింది.

సోమవారం పొద్దున్న సంగతి. మా ఆవిడ పనికి వెళ్ళిపోయింది. నేను నొప్పితో కళ్ళు మూసుకుని పడుకున్నాను. బాత్రూంలో నీళ్ళు పడుతున్న చప్పుడు. ఎంతసేపటికీ ఆగలేదు. గీజరు కాలుతూనే ఉంది. నీళ్ళు వృథా చేస్తోందని కోపం వచ్చింది. కోపంతోనే లేచాను. అది రాయాలి. భయంతో కాదు, కోపంతోనే లేచాను. తలుపు కొట్టాను. రెండోసారి కొట్టినప్పుడు తెలిసింది.

గడియ ఊడేదాకా భుజంతో గుద్దాను. చిట్టి గోడకు చేరగిలబడి ఉంది, ఒంటి మీద బట్టలు అలాగే ఉన్నాయి, నీళ్ళు బక్కెట్టు నిండి పారుతున్నాయి. ఎత్తుకుని మెట్ల మీదికి తెచ్చాను. నాకూ తల తిరిగి రెండు మెట్లు కూర్చునే దిగాను. కింది వాటాలో వ్యాను డ్రైవరు చప్పుడు విని బయటికి వచ్చాడు. మమ్మల్ని చూడగానే వ్యాను తాళాలు తీసుకుని పరిగెత్తాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు. డ్యూటీ డాక్టరు చిన్న వయసు కుర్రాడు. రక్తం తీసి పంపి, నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి అడగటం మొదలుపెట్టాడు. అప్పటికి మా ఆవిడ వచ్చింది. ఫ్యాక్టరీ టోపీ తీయకుండా అలాగే వచ్చింది. డాక్టరు ఇద్దరినీ చూస్తూ అన్నాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా పొద్దున్నే తలనొప్పి వస్తోందా?"

ఈ ప్రశ్న నన్ను ఇంతకుముందు కూడా ఒకరు అడిగారు. ఇంట్లో ఒక్కరినీ అడక్కుండానే లేదని చెప్పాను. ఇప్పుడూ నాలుక చివర అదే మాట ఉంది.

మా ఆవిడ నేల చూస్తూ, "నాకు" అంది.

తరవాత నేను, "నాకు" అన్నాను.

ఒకరినొకరం చూసుకున్నాం. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమెను ఇంత కొత్తగా ఎప్పుడూ చూడలేదు.

డాక్టరు రాయడం ఆపాడు. నీళ్ళు దేనితో కాస్తారు, గాలి ఎటు పోతుంది, ఎక్కడికైనా వెళ్ళినప్పుడు నొప్పి తగ్గిందా, వరసగా అడిగాడు. ప్రతి జవాబుకూ తల ఊపాడు. గ్యాసు సరిగ్గా మండకపోతే ఒక విషం పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడకపోతే అది ఇంట్లోనే నిలిచి, పీల్చిన వాళ్ళ రక్తంలో చేరుతుంది. బయటికి వెళ్తే మెల్లగా తగ్గిపోతుంది. అందుకే పదిన్నరకు నాకేమీ ఉండేది కాదు.

వెంటిలేటరు ఎవరు మూశారని అడిగాడు. నేనే అన్నాను.

మా ఇద్దరి రక్తంలోనూ ఉంది. మాకూ మాస్కులు పెట్టారు. పక్కపక్క మంచాల మీద, మాట్లాడటానికి వీల్లేకుండా, రెండు గంటలు పడుకున్నాం. నాకు అది కాస్త మేలే అనిపించింది. ఆమె వైపు తిరగలేకపోయాను.

మాస్కులు తీశాక వరండాలో అడిగాను, ఎన్నాళ్ళ నుంచి అని. నెల దాటిందంది. ఫ్యాక్టరీ గేటు దాటాక తగ్గిపోయేదట. గుడ్డ కట్టింది చలికి కాదు. నాకెందుకు చెప్పలేదన్నాను. ఆ మాట అడగడానికి నాకు ఏం హక్కుందో.

"మీకేదో పెద్ద జబ్బు వచ్చిందనుకున్నాను. మీ మీద దిగులుతో నాకు తలనొప్పి వస్తోందనుకున్నాను. దిగులుతో వచ్చే నొప్పి మీతో ఎలా చెప్పను?"

పెద్ద జబ్బని ఎలా అనుకున్నావన్నాను.

"మీరు నెల నుంచీ అదోలా ఉన్నారు. మొన్న దుప్పటి కోసం బీరువా తీశాను. పెట్టెలు చూశాను. నా అరవయ్యో ఏటికి కూడా కళ్ళజోడు చేసిపెట్టారు. ఒక్క మాట చెప్పడానికి మాత్రం మీకు నోరు రాలేదు."

ఆమె ఏడవలేదు. టోపీ తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. అప్పుడు మాస్టారి సంగతి చెప్పాను. మొత్తం చెప్పాను. విన్నాక, పెట్టెలు చూసిన రోజే నేను అడిగి ఉండాల్సింది అంది. తప్పు పంచుకోవడానికి వచ్చినట్టు అంది. అది ఆమె తప్పు కాదు. కానీ కాదనలేదు. కాదంటే నేను ఒక్కణ్ణే మిగులుతాను.

డిసెంబరు 18

చిట్టి మాట్లాడుతోంది. మమ్మల్ని గుర్తుపడుతోంది. పరీక్షలు ఎప్పుడని పొద్దుటి నుంచి నాలుగుసార్లు అడిగింది. ప్రతిసారీ కొత్తగా అడిగింది. జ్ఞాపకం కొన్ని వారాలు అలా తడబడవచ్చునట, చాలామందికి తిరిగి వస్తుందట. చాలామంది అన్న మాట దగ్గర డాక్టరు కిటికీ వైపు చూశాడు. నేను గమనించాను.

మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు మంచం పక్కన కుర్చీ జరుపుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఆ రోజు తల బరువుగా ఉందన్నావు. నేను వినలేదు. పైగా తిట్టాను" అన్నాను.

"ఏ రోజు నాన్నా?" అంది.

కళ్ళలోకి చూశాను. ఇరవై రెండేళ్ళుగా ఎన్ని వేల కళ్ళలోకి చూశానో. నిజంగానే గుర్తులేదో, నన్ను అక్కడితో వదిలేసిందో తెలుసుకోలేకపోయాను. మళ్ళీ అడగలేదు. ఇంకో రోజు చెబుతానన్నాను. సరే అని నా చెయ్యి తీసి తన నుదుటి మీద పెట్టుకుంది.

డిసెంబరు 19

అమ్మాయిని ఇంటికి తెచ్చాం. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. నేను కొట్టిన అట్ట, స్పాంజి నిన్న సాయంత్రమే నా చేత్తోనే పీకేశాను. మూడు మేకులు. ఎంత శ్రద్ధగా కొట్టానో.

మెకానిక్కు వచ్చి గీజరు మూత తీశాడు. లోపల నల్లటి మసి, పొగ పోయే గొట్టం సగం పూడిపోయి ఉంది. మంట నీలంగా ఉండాలి, మీది పసుపు అన్నాడు. అది ఇంక వాడొద్దని విప్పి తీసుకుపోయాడు. వెళ్ళబోతూ, ఈ బిల్డింగులో అందరికీ ఇవే, కట్టినప్పుడు ఒకేసారి పెట్టారు, చలికాలం కదా అందరూ సందులు మూస్తారు అన్నాడు. మామూలు విషయంలా అన్నాడు.

అతను మెట్లు దిగుతున్న చప్పుడు వినబడుతుండగానే నేను చెప్పులు వేసుకున్నాను. మా ఆవిడ చిట్టి దగ్గర తన స్నేహితురాలిని కూర్చోబెట్టి నా వెంట వచ్చింది.

డిసెంబరు 20

ఇది ఇంట్లోనే, వంటగది బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. పక్కన మా ఆవిడ కూరగాయలు తరుగుతోంది. ఏం రాస్తున్నారని అడిగింది. నిన్న మనం తిరిగింది అన్నాను.

మొత్తం ఎనిమిది వాటాలు. మొదటి తలుపు తెరిచినాయన, మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున్నే తలనొప్పి వస్తోందా అని నేను అడగ్గానే, ఏమైనా మాత్రలు అమ్ముతున్నారా అన్నాడు. నాకు నాలుక తడబడింది. ఎవరి ఇంటికైనా వెళ్ళి ఇలాంటి మాట అడగడం నాకు చేతకాదు. మా ఆవిడ ముందుకు వచ్చి మా అమ్మాయి సంగతి చెప్పింది. అతని మొహం మారింది. లోపలికి పిలిచి వాళ్ళావిడను అడిగాడు, ఆమె పిల్లలను అడిగింది. వాళ్ళకు లేదు. వాళ్ళ వెంటిలేటరు రెక్కలు విరిగి ఏడాదైందట, బాగు చేయించలేదట. బద్ధకం కాపాడింది అన్నాడు. అయినా గీజరు ఆపేయించి, మెకానిక్కు నెంబరు రాసిచ్చాం.

డ్రైవరుగారింట్లో గీజరు ఉన్నా నీళ్ళు ఎప్పుడూ పొయ్యి మీదే కాచుకుంటారు. ఒక ఇంటికి తాళం ఉంటే చీటీ రాసి తలుపు సందులో పెట్టాను. ఒకావిడ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి విని, సరే చూస్తాం అని తలుపు వేసుకుంది. మా ఆవిడ మళ్ళీ కొట్టింది. ఆవిడ మళ్ళీ తెరిచేదాకా కొట్టింది.

పైఅంతస్తు చివరి వాటాలో టైపు టీచరమ్మ ఉంటారు. రిటైరై చాలా ఏళ్ళయింది, ఒక్కరే. మెట్ల మీద ఎదురైతే తల ఊపడం తప్ప ఆమెతో నేను ఎన్నడూ మాట్లాడలేదు. తలుపు తెరవడానికి చాలాసేపు పట్టింది. చలికి కిటికీల చుట్టూ పాత దినపత్రికలు అంటించి ఉన్నాయి. ఎంత నేర్పుగా అంటించారో, ఒక్క వరస కూడా వంకర లేదు. లోపల గాలి బరువుగా ఉంది. బాత్రూంలో గీజరు కాలుతోంది.

నేను ఈసారి తడబడకుండా అడిగాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"వస్తుంది. చలికాలం వస్తే చాలు, రోజూ వస్తుంది. ఈ ఏడు మరీ ఎక్కువగా ఉంది. లేవబుద్ధి కావడం లేదు. వయసు కదా అనుకున్నాను."

ఎన్నాళ్ళుగా అన్నాను. మూడు చలికాలాలు అన్నారు.

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరడిగారు బాబూ?" అన్నారు. నిష్ఠూరంగా కాదు, నేను అడిగినదానికి జవాబుగానే అన్నారు.

మా ఆవిడ వెళ్ళి గీజరు కట్టేసింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి కాగితాలు చింపడం మొదలుపెట్టాను. జిగురు గట్టిగా ఉంది, గోళ్ళతో గీకాల్సి వచ్చింది. రెక్క రెండుసార్లు మొరాయించి, మూడోసారి తెరుచుకుంది. చలి ఒక్కసారిగా లోపలికి వచ్చి, బల్ల మీది కాగితాలు లేచి నేల మీద పడ్డాయి. ఏరడానికి నేను వంగబోతే ఆమె వద్దన్నారు. శాలువా భుజాల చుట్టూ లాక్కుని, వచ్చి కిటికీ ముందు నిలబడ్డారు. పక్కకు జరిగి నాకూ మా ఆవిడకూ చోటిచ్చారు.

ఆసుపత్రికి ఇప్పుడే వెళ్దామన్నాను. వెళ్దాం, ఒక్క నిమిషం అన్నారు. ముగ్గురం ఆ నిమిషమంతా గాలి పీల్చుకుంటూ నిలబడ్డాం.